బొడ్లు కోసిన చెయ్యి

మా నాయనను కన్న అవ్వ మంత్రసాని. తాండూరు దిక్కు మా ఊర్ల ఏ ఇంట్ల పురుడైనా ఆమెకే కబురు. పటేలు ఇంటికి గూడ ఆమెనే పోవాలె. బిడ్డ బయటపడి బొడ్డు కోసేదాక మాదిగామె చెయ్యి కావాలె. తానం పోసినంక ఆ చెయ్యే అంటు. వెనక దర్వాజ నుంచి పంపేటోళ్లు. చాటెడు జొన్నలు, పాత చీర కూలి. నేను పుట్టకముందే అవ్వ ఆ పని విడిచిపెట్టింది. ఎందుకని అడిగితే మాట మార్చేది.

2018 మే నెలల నాకు ఐదో నెల. మా ఆయన తాండూరుల నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద కూలి. రైలెక్కి వికారాబాదు పోయి స్కానింగ్ చేయించుకున్నం. డాక్టరమ్మ చాలసేపు తెర దిక్కే చూసింది. "బిడ్డ కడుపు గోడకు రంధ్రముందమ్మా. పేగులు బయట ఉమ్మనీటిల తేలుతున్నయ్" అన్నది. కాయితం మీద గాస్ట్రోస్కైసిస్ అని రాసింది. అప్పటికి 19 వారాలు. ఆనాటి చట్టంలో గర్భం తీయించుకోవడానికి గడువు 20 వారాలే. 2021 సవరణతో ఇట్లాంటి తీవ్ర లోపాలకు మెడికల్ బోర్డు ఒప్పుకుంటే గడువు అడ్డం రాదు. మాకు మాత్రం వారం రోజులే.

ఆ వారమంతా అందరూ అడిగింది ఒక్కటే: నువ్వేం చేసినవ్? జనవరి 31 చంద్రగ్రహణం నాడు కత్తిపీట ముట్టినవా అన్నది అత్త. అప్పటికి నెల తప్పిందని నాకే తెల్వదు. చీటీలు రాసే ఆమె నా కులం అడగకుండనే తెలుసుకుని, "మీరు పెద్దకూర తింటరు గదా" అన్నది. చదువుకున్న నేను గూడ రాత్రిళ్లు తిన్న మెతుకులన్నీ లెక్కవెట్టుకున్న.

హైదరాబాదుల పిల్లల సర్జన్ బొమ్మ గీసి చెప్పిండు. మొదటి మూడు నెలల్లోనే కడుపు గోడ సరిగ మూసుకోదు. ఎక్కువగా బొడ్డుకు కుడిపక్కన రంధ్రం పడుతుంది, పేగుల మీద పొర గూడ ఉండదు. తిండి వల్ల, గ్రహణం వల్ల రాదు. పెద్ద దవాఖానలనే కనాలె, వెంటనే పేగులు ఆరిపోకుండ శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టాలె, ఒళ్లు చల్లబడనియ్యొద్దు అన్నడు. ఇద్దరం బిడ్డను ఉంచుకోవాలనే అనుకున్నం.

ఇంటికొచ్చి ఆ బొమ్మ అవ్వకు చూపెట్టిన. చాలసేపు చూసి, మెల్లగ అన్నది:

"పటేలింట్ల గిట్లనే పుట్టిండు బిడ్డా. పొద్దుగూకేదాక గూడ బతకలె. మాదిగది బొడ్డు గుంజి కడుపు చింపిందన్నరు. మీ తాతను కట్టేసి కొట్టిండ్రు. మల్ల నన్నెవ్వలు పిలువలె."

"కడుపులుండంగనే అట్లయితదట అవ్వా. నువ్వు ముట్టకముందే."

"అయితే నా చెయ్యి గాదు" అన్నది. మల్లమల్ల అదే మాట అన్నది. ఎన్నో ఏండ్లుగా తన చెయ్యేనేమో అనుకుంటనే బతికిందని నాకు అప్పుడు తెలిసింది.

అక్టోబరుల హైదరాబాదు సర్కారు దవాఖానల కొడుకు పుట్టిండు. పేగులను సైలో అనే సంచిలో వేలాడదీసి, రోజుకింత లోపలికి దింపి, కడుపు మూసిండ్రు. నెలపైన అక్కడనే ఉన్నం. మా ఆయన కూలి పోయింది, అప్పు మిగిలింది.

2021లో లాన్సెట్ పత్రిక 74 దేశాల దవాఖానల లెక్క అచ్చేసింది. ఈ లోపంతో చేరిన నూరుమంది పసికందులలో సంపన్న దేశాల్లో చనిపోయేది ఒకరిద్దరు. మధ్య ఆదాయ దేశాల్లో ముప్పై మందికి పైన. పేద దేశాల్లో 90 మంది. అందరికీ అదే రంధ్రం. తాండూరు నుంచి పిల్లల సర్జన్ దాక వంద కిలోమీటర్ల పైన. ఆ దూరాన్ని ఎవరూ నేరమనరు, తల్లి తిన్న కూరను అంటరు.

నా కొడుక్కు అందరి లెక్క బొడ్డు లేదు, మచ్చ ఉంది. ఊరందరి బొడ్లు కోసిన అవ్వ ఆ మచ్చ మీదనే నూనె రాసేది. పటేలింటోళ్లు ఇప్పటిదాక ఆమెను తప్పయిందని అడగలేదు. అందుకే రాస్తున్న.