చెరువు కట్ట మీద కెమెరా

వానాకాలంలో ఎల్లమ్మ చెరువు మత్తడి దుంకిందంటే చాలు, హుస్నాబాద్‌లో సగం ఊరు అక్కడే ఉంటుంది. పెద్దవాళ్లు నీళ్లకు దండం పెట్టుకుంటారు. పిల్లలు నురగలో కాళ్లు తడుపుకుంటారు. వీళ్లందరికంటే ముందే వచ్చి నిలబడేది ఫొటో స్టూడియో కుర్రాడు. అర నిమిషం వీడియో తీసి, షాపుకెళ్లి, నాలుగు ముక్కలు అతికించి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తాడు. అతను చాయ్ తాగి వచ్చేసరికి ఆ వీడియో ముంబయిలో, భివండీలో, దుబాయిలో ఉన్న ఊరివాళ్ల ఫోన్లలో తిరుగుతుంటుంది. 'మా చెరువు నిండింది' అని ఒకరికొకరు పంపుకుంటారు.

ఆ వీడియోకు రూపాయి రాదు. కానీ మాఘమాసంలో చెల్లెలి పెళ్లి పెట్టుకున్న దుబాయి అన్నకు ముందుగా గుర్తొచ్చేది ఆ పేజీయే!

మెదక్ నుంచి సిద్దిపేట మీదుగా ఎల్కతుర్తి వెళ్లే 765డీజీ జాతీయ రహదారి హుస్నాబాద్ గుండానే పోతుంది. కరీంనగర్, సిద్దిపేట, హనుమకొండ... మూడూ అందేంత దూరంలోనే ఉన్నాయి. ప్రయాణికుడికి అది సౌకర్యం. స్టూడియో నడిపేవాడికి మాత్రం అదే గుండెదడ. కాస్త డబ్బున్న ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ఈ మూడు ఊళ్ల బృందాలతోపాటు హైదరాబాద్ వాళ్లూ రంగంలోకి దిగుతారు. పెళ్లికొడుకు ఫోన్లో నాలుగు పేజీలు తిప్పి చూస్తాడు. పక్క గల్లీలోని స్టూడియో అందులో కనిపించకపోతే, ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ ఫొటోలు తీసిన మనిషైనా లెక్కలోకి రాడు.

కనిపించడంలోనూ ఓ చిక్కుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు హుస్నాబాద్ కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాకు మారింది. పిన్‌కోడ్ మాత్రం 505తోనే మొదలవుతోంది. చుట్టరికాలూ కరీంనగర్ వైపు బాగానే ఉన్నాయి. ఫోన్లో వెతికేవాళ్లు పాత జిల్లా పేరు కొడతారో, కొత్తది కొడతారో ఎవరికి తెలుసు? అందుకే తెలివైనవాళ్లు పేజీలో ఊరి పేరును తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసి, రెండు జిల్లాల పేర్లూ చేరుస్తారు. గూగుల్ మ్యాప్‌లో షాపును సరైన చోట గుర్తిస్తారు. బోర్డు రాయించినంత సేపు పట్టదు ఈ పని. చాలామంది చేయనిదీ ఇదే!

ఇక ఫొటోలకు నేపథ్యం కావాలంటే ఊరి చుట్టూ కొదవే లేదు. పొట్లపల్లిలో స్వయంభూ రాజేశ్వరస్వామి గుడి ఉంది. కోహెడ వైపు వెళ్తే శనిగరం చెరువు. సైదాపూర్ మండలంలో, వానలు పడితేనే ప్రాణం పోసుకునే రాయికల్ జలపాతం. పెళ్లికి ముందు ఫొటోల కోసం హైదరాబాద్ శివార్లలో అద్దె సెట్టింగులకు వెళ్లే జంటలకు వీటిని చూపిస్తే 'ఇది మన దగ్గరేనా?' అని ఆశ్చర్యపోతారు. మూఢంలో బేరాలుండవు కదా, పేజీని బతికించేవి అప్పుడీ చోట్లే. పెళ్లి ఫొటోలే వరసగా పెడుతూపోతే చూసేవాళ్లకూ మొహం మొత్తుతుంది. పెళ్లి చేసుకునేవాళ్లు ఏటా కొందరే, చెరువు మాత్రం అందరిదీ.

ఫోన్ తెరకు ఊరు చిన్నదా పెద్దదా అన్న తేడా లేదని పాత కరీంనగర్ జిల్లాకు ముందే తెలుసు. లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది. ఆమె 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లింది. అదే ఏడాది జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధం, జులైలో మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్... ఇంకేముంది, కరిజ్మా ఆల్బమ్ చేతికొచ్చేలోగా రీల్ రావాలనే ఇళ్లు ఎక్కువైపోయాయి. పెళ్లి రాత్రి బరాత్ తీసి, తెల్లారేలోగా ఎడిటింగ్ చేసి, మధ్యలో 'అన్నా, రేటెంత?' అన్న మెసేజ్‌లకు జవాబులివ్వాలి. ఇద్దరు మనుషులుండే షాపులో ఇది చిన్న పనేం కాదు. పెళ్లిళ్ల కాలంలో పేజీ చూసుకునేది చాలాచోట్ల యజమాని భార్యో, డిగ్రీ చదివే తమ్ముడో. అసలు బేరాలు కుదిరేది మాత్రం చాలావరకు వాట్సాప్ స్టేటస్ చూసే. ఇక్కడ ఎవరి నంబరు ఎవరి దగ్గర లేదని!

అయితే అసలు సంకటం లైకుల దగ్గర లేదు. పాతకాలం స్టూడియోకు వీధివైపు అద్దాల షోకేసు ఉండేది. అందులో ఓ కొత్త జంట, బోసినవ్వుల పాప, పట్టుచీరలో ఓ పెళ్లికూతురు. దారినపోయే బంధువు చూసి మురిసిపోయేవాడు. ఎవరికైనా నచ్చకపోతే 'మా పిల్ల ఫొటో ఎవరినడిగి పెట్టినవే?' అని గట్టిగా అడిగేవాడు. ఫ్రేము తీసి చేతిలో పెడితే కథ అక్కడితో ముగిసేది. ఇప్పుడు పేజీలోంచి తీసేసినా ముగియదు. అప్పటికే ఎవరో తమ ఫోన్లో దాచుకుని ఉంటారు. ఓణీల ఫంక్షన్‌లో సరదాగా తీసిన పిల్ల ఫొటో ఎక్కడెక్కడో తిరిగితే ఆ ఇంటికి వచ్చే బాధను ఏ క్షమాపణా తీర్చలేదు. పెళ్లి పీటల దాకా నమ్మి పిలిచిన మనిషి మీదే ఆ కోపం పడుతుంది. అలాంటి ఇల్లు ఇంకో పదిళ్లకు చెబుతుంది కూడా.

చట్టం సంగతి చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. కష్టపడి తీసింది మనమే కదా అనుకుంటే కుదరదు. అడ్వాన్సు తీసుకునేటప్పుడే రసీదు మీద 'ఈ ఫొటోలు పేజీలో పెట్టవచ్చు, పెట్టవద్దు' అని రెండు గడులు గీసి, ఒకదానిలో టిక్కు పెట్టించుకుని సంతకం తీసుకోవడం తేలికైన మార్గం. చిన్నపిల్లల ఫొటోలైతే తల్లిదండ్రులను విడిగా అడగాలి. పెళ్లికూతురిని కూడా అడగాలి. సంతకం పెట్టేది సాధారణంగా ఆమె నాన్నే కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది.

ఇంత చేసినా, స్టూడియోకు రోజూ అన్నం పెట్టేది పేజీలో కనిపించని పనే. పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చేది పాస్‌పోర్టు సైజు ఫొటోల కోసం విద్యార్థులు, ఏదో దరఖాస్తు చేతిలో పట్టుకున్న రైతులు. అప్పుడప్పుడూ ఓ పెద్దమ్మ కొంగుముడి విప్పి, చనిపోయిన భర్త పాత కార్డు బల్ల మీద పెడుతుంది. గోరంత ఫొటో, అందులోనూ సగం మీద ముద్ర పడి ఉంటుంది. కుర్రాడు దాన్ని స్కాన్ చేసి, ముద్ర చెరిపి, చొక్కా కాలరు సరిచేస్తూ కూర్చుంటాడు. దినాల నాటికి పెద్దది చేసి, అద్దం బిగించి ఇవ్వాలి. పక్కనే ఫోన్ మోగుతూనే ఉంటుంది. నిన్నటి మత్తడి వీడియో కింద ఎవరో అడుగుతున్నారు... 'అన్నా, మార్చి 8 ఖాళీయేనా?'