వెయ్యిన్నొకటో నెంబరు మనిషి

మనిషికి పేరెందుకండీ, నెంబరు చాలదూ? ఇది నా మాట కాదు, లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ మాట. పైకి మనల్ని పేరు పెట్టి మర్యాదగానే పలకరిస్తుంది. లోపల మాత్రం చిట్టాలో మనకో నెంబరు వేసుకుని, వ్యవహారమంతా ఆ నెంబరుతోనే నడుపుతుంది. పూర్వం మన కరణాల పద్ధతీ యిదేగా! ఊళ్ళో నలుగురు వెంకటేశ్వర్లుంటారు. గట్టు తగాదా వస్తే పేరెవరిక్కావాలి, సర్వే నెంబరు తియ్యమంటారు.

మా పాత కంప్యూటరు కాలం చేసింది. అందులోని సరుకంతా అప్పటికే బయటి హార్డ్ డిస్కులో భద్రంగా ఉంది. నావి మూడు నవలలు, సగం రాసిన నాలుగోది, అన్నిటికీ మించి మా అమ్మ పాడిన మంగళహారతులూ, పెళ్ళిపాటలూ ఇరవై రెండు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ గొంతు మరెక్కడా లేదు.

కొత్త కంప్యూటరు కొని, అందులోనూ ఉబుంటు వేయించి, డిస్కు తగిలించాను. లినక్స్‌లో సి, డి, ఇ అంటూ వేరు కాపరాలుండవు. ఇల్లొకటే. వచ్చిన డిస్కు ఆ యింట్లో ఒక గదిగా చేరుతుంది. దాన్నే మౌంట్ అవడం అంటారు. గదైతే చేరింది. అందులో నా ఫోల్డరు కనిపించింది, పైన తాళం గుర్తుతో. తెరవబోతే 'పర్మిషన్ డినైడ్' అంది.

"అనుమతి లేదుట!" అన్నాను.

"ఎవరి అనుమతిట?" అన్నారు మావారు, పేపరు దించకుండానే.

ప్రశ్న సబబైనదే. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి 'ఎల్ ఎస్ హైఫన్ ఎల్' అని కొడితే ఏది ఎవరి సొత్తో చెబుతుంది. చెప్పింది. నా నవలలూ, మా అమ్మ పాటలూ 1001 గారివట! పేరైనా లేదు, ఉత్త అంకె. ఆ పక్కనే మా అబ్బాయి ఫోల్డరు ఉంది. కాలేజీ రోజుల్లో నా కంట పడకుండా తాళం వేసుకున్నది. అది మాత్రం సాక్షాత్తూ నా పేరు మీద ఉంది!

సంగతేమిటంటే, ఉబుంటులో మనుషుల లెక్క 1000తో మొదలవుతుంది. పాతదాంట్లో మొదటి ఖాతా మావాడిది, వాడు 1000. తరవాత చేరిన నేను 1001. కొత్తదాంట్లో మొదటి ఖాతా నాదే కనక 1000 నాకొచ్చింది. డిస్కు మీద రాసి ఉన్నవి అంకెలే. ఏ అంకె ఎవరిదో చెప్పే చిట్టా పాత కంప్యూటరుతోనే పోయింది. కన్నతల్లి రెండో నెంబరేమిటంటారా? 2013 నాటి ఆహార భద్రత చట్టం రేషను కార్డులో ఇంటిపెద్దగా ఆడదాన్నే రాయమంది గాని, కంప్యూటర్ల దాకా రాలేదు మరి.

పెన్‌డ్రైవులకి సాధారణంగా యీ గొడవ ఉండదు. వాటి పద్ధతిలో యజమాని పేరు రాసుకునే చోటే లేదు. ఎవరు తగిలిస్తే వారిదే సొత్తు, సత్రం గదిలాగ. లినక్స్ డిస్కులు అలా కావు. దీనికి మాతృక 1969లో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో మొదలైన యూనిక్స్. ఒకే కంప్యూటరు మీద పదిమంది పనిచేసే రోజులవి. ఎవరి అర వారికి, ఎవరి తాళం వారికి. 1991లో ఫిన్లాండు కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టినప్పుడు ఆ ఆచారాన్నే కొనసాగించాడు. ఉమ్మడి కుటుంబంలో నెగ్గుకొచ్చినవాళ్ళకి దీని విలువ వేరే చెప్పాలా?

పక్కింటి కుర్రాడొచ్చి, "777 కొట్టెయ్యండాంటీ, అన్నీ తెరుచుకుంటాయి" అన్నాడు. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి, వెరసి ఏడు. యజమానికో ఏడు, బృందానికో ఏడు, దారేపోయే దానయ్యకో ఏడు. తాళంచెవి కనపడలేదని వీధి తలుపు ఊడదీస్తామా? వద్దన్నాను.

కావలసింది తలుపులు బార్లా తీయడం కాదు, పట్టా మార్పించడం. దానికి 'చోన్' అనే ఆజ్ఞ ఉంది. ముందు 'సుడో', తరవాత 'చోన్', హైఫన్, పెద్ద ఆర్, నా పేరు, చివర ఆ ఫోల్డరు చిరునామా. పెద్ద ఆర్ అంటే లోపలి అర అరకీ అని. చిరునామా దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఉత్త ఏటవాలు గీత ఒక్కటే పెట్టామా, కంప్యూటరు మొత్తాన్ని మన పేర రాసేసి అది మంచం పడుతుంది. రెండుసార్లు సరిచూసి ఎంటర్ నొక్కాను. కిమ్మనలేదు. పని సవ్యంగా జరిగితే మాట్లాడే అలవాటు దానికి లేదు.

తాళం గుర్తు పోయింది. అమ్మ గొంతు సవరించుకుని, "ఏదీ, పెట్టావుటే?" అని అడిగి మరీ పాట అందుకుంది. మావారు పేపరు మడిచేశారు.

ఇక మావాడి ఫోల్డరు. అది నా పేరునే ఉంది, తాళం నాకడ్డు రాదు. నా నవలల్లో దొంగచాటుగా డైరీలు చదివిన తల్లులున్నారు. నాకు చెయ్యాడలేదు. వాడి పేర కొత్త ఖాతా తెరిస్తే, వరసలో తరవాతి అంకె 1001 వాడికొచ్చింది. నావి ముందే మార్పించుకున్నాను గనక సరిపోయింది, లేకపోతే నా నవలలన్నీ వాడి ఆస్తి అయ్యుండేవి! వాడి ఫోల్డరు వాడి పేర మార్చి, రాత్రి ఫోన్ చేసి చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు.

"అమ్మమ్మ పాటలు దొరికాయా అమ్మా?" అన్నాడు.

దొరికాయన్నాను.

"ఒకటి పంపించవూ?"