వృత్తి: యజమాని

2011లో జనాభా లెక్కలకి మా ఇంటికి ఒక మాస్టారొచ్చారు. పెద్ద పెద్ద కాగితాలు ఒళ్లో పరుచుకుని, చెమట తుడుచుకుంటూ వరండాలో కూర్చున్నారు. పాపం, ఎండన పడి వచ్చారని మజ్జిగ తీసుకెళ్లాను. కుటుంబ పెద్ద ఎవరంటే మావారు తన పేరు చెప్పారు. వృత్తి అంటే "రిటైర్డు హెడ్‌క్లర్కు" అన్నారు. నా వంతు వచ్చేసరికి, నేను నోరు తెరిచేలోపలే, "ఆవిడేం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేశారు.

ఏం చెయ్యదట! అప్పటికి నా ఒక చేతిలో మజ్జిగ గ్లాసు, రెండో చేతిలో గరిటె, లోపల పొయ్యిమీద పప్పు. మాస్టారికి జాలేసిందో ఏమో, 'ఇంటిపని' అని రాసుకుని వెళ్లిపోయారు.

ఆ రాత్రి నాకు రష్యా మహారాణి గుర్తొచ్చింది. నవ్వకండి. మా చిన్నతనంలో మాస్కోలో తెలుగులోనే అచ్చయి, చవగ్గా దొరికే పుస్తకాలు చదివి పెరిగినదాన్ని. గోర్కీ 'అమ్మ' చదివి కళ్లొత్తుకోని ఇల్లాలు మా వీధిలో లేదు. ఆ అలవాటుకొద్దీ ఆ దేశం గురించి ఏది కనబడినా ఇప్పటికీ వదలను.

రష్యా సామ్రాజ్యం మొత్తానికీ మొట్టమొదటిసారి జనాభా లెక్కలు తీసింది 1897లో. పన్నెండున్నర కోట్ల పైచిలుకు జనం తేలారు. వందమందిలో చదవడం వచ్చినవాళ్లు 21 మంది. ఆడవాళ్లలో అయితే 13 మందే. జార్ చక్రవర్తి రెండో నికొలాస్ కూడా అందరిలాగే కాగితం నింపాడు. వృత్తి అన్నచోట ఏం రాశాడో తెలుసా? 'రష్యా భూమికి యజమాని' అని! ఆయన భార్య అలెగ్జాండ్రా 'రష్యా భూమికి యజమానురాలు' అని రాసుకుంది. నాకు 'ఇంటిపని', ఆవిడకి దేశం పని!

ఆయన వేళాకోళానికి రాయలేదు. వాళ్ల చట్టంలో మొదటి మాటే అది: చక్రవర్తి అధికారం నిరంకుశం, అపరిమితం. ఆ చట్టాల్లోనే ఇంకోచోట, భార్య భర్తకి 'అపరిమిత' విధేయతతో ఉండాలనీ, ఇంటి యజమానురాలిగా అతణ్ణి సంతోషపెట్టాలనీ ఉంది. పైన ఒక పెద్ద జారూ, ఇంటింటికీ ఒక చిన్న జారూ అన్నమాట. 1914 దాకా పెళ్లయిన ఆడది మొగుడు ఒప్పుకోందే వేరే ఊళ్లో ఉండటానికి సొంతంగా పాస్‌పోర్టు కాగితం కూడా తీసుకోలేకపోయేది. ఇది మావారికి చదివి వినిపిస్తే, "బాగానే ఉందే చట్టం" అన్నారు. ఆ పూట ఆయన కాఫీలో పంచదార వెయ్యడం మరిచిపోయాను లెండి.

చెప్పొద్దూ, జార్ రాక్షసుడేం కాడు. పెళ్లాం పిల్లలంటే ప్రాణం. డైరీలో ఆవేళ ఎండో వానో, ఎంత దూరం నడిచాడో రాసుకునేవాడు. అంత సామ్రాజ్యానికీ అధిపతి అయివుండి సొంత కార్యదర్శిని పెట్టుకోలేదు. ఉత్తరాల కవర్లు తనే అంటించుకునేవాడట. అది చదివినప్పుడు నా చెయ్యి నాకు తెలియకుండానే నడుమున ఉన్న తాళంచెవుల గుత్తిని తడుముకుంది.

ఆయనకి చెప్పేవాళ్లు లేకా కాదు. గద్దెనెక్కిన కొత్తలో, 1895 జనవరిలో, జిల్లాల నుంచి పెద్దమనుషులు అభినందించడానికి వచ్చారు. ప్రజల మాట కూడా కాస్త చెవిన పడనివ్వండని వాళ్లలో కొందరు అణకువగా రాసుకొచ్చారు. అవన్నీ అర్థంలేని కలలని కసిరి పంపేశాడు. 1905 జనవరిలో గపోన్ అనే మతగురువు వెంట కార్మికులు, ఆడవాళ్లూ పిల్లలతో సహా, దేవుడి పటాలూ జార్ పటాలూ పట్టుకుని రాజభవనం వైపు నడిచారు. రోజుకి ఎనిమిది గంటల పనీ, బతకడానికి చాలే కూలీ ఇప్పించు తండ్రీ అని అర్జీ. తండ్రి ఆవేళ భవనంలోనే లేడు. సైనికులు తుపాకులు పేల్చారు. ప్రభుత్వం లెక్కలోనే వందమందికి పైగా పోయారు.

ఆ ఏడు దేశమంతా సమ్మెలు కడితే దిగొచ్చి, డూమా అనే సభ ఇస్తానన్నాడు. 1906లో చట్టంలోంచి 'అపరిమిత' అన్న మాట తీశారు గానీ 'నిరంకుశ' అన్నది ఉంచుకున్నారు. మొదటి సభని రెండున్నర నెలలైనా నిండకుండానే ఇంటికి పంపేశాడు. చివరికి 1917లో, ఇప్పటి లెక్కన మార్చి 8, మహిళా దినం నాడు, పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం వీధిన పడ్డారు. సభ అధ్యక్షుడు రోద్జియాంకో పరిస్థితి చెయ్యిదాటిపోతోందని తంతి మీద తంతి ఇచ్చాడు. జార్ జవాబే ఇవ్వలేదు. వారం తిరిగేసరికి, మార్చి 15న, గద్దె దిగాడు.

ఇదంతా చదివి, "చెబితే వినడేం ఈ మనిషి!" అని విసుక్కున్నదాన్నే నేను. ఇక కిందటి వేసవిలో మా ఇంట్లో జరిగింది వినండి.

మా కోడలికి ఊళ్లోనే ఒక బళ్లో టీచరుద్యోగం వచ్చింది. సంగతి మా అబ్బాయికి తెలుసు, మావారికి తెలుసు, ఆఖరికి పనిమనిషికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. అంట్లు తోముతూ పనిమనిషే నోరు జారింది. కోడల్ని పిలిచి, "నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"ముందే ఒకసారి చెప్పాను కదా అత్తయ్యా. మీరు పోపు వేస్తూ, ఇప్పుడెందుకులే, పిల్లాడు చిన్నవాడు అన్నారు. మళ్లీ అడగడానికి భయమేసింది" అంది.

"పోనీ, ఇప్పుడు చేరు."

"చేరాల్సిన గడువు నిన్నటితో అయిపోయిందండీ" అంది, తల వంచుకుని బియ్యంలో రాళ్లేరుతూ.

ఆవిడ కోపంగా అనివుంటే బావుండేది. మామూలుగా అంది. ఆ పోపు వేసిన పూట నాకు గుర్తుంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి, నా ధ్యాసంతా మూకుడు మీదే. నాకది ఒక్క మాట. ఆవిడకి అదే తీర్పయింది. మావారు నా తరఫున మాస్టారికి జవాబిచ్చినట్టే, నేనూ ఆవిడ తరఫున జవాబిచ్చేశాను. తేడా ఏమిటంటే, నేను పద్నాలుగేళ్లుగా మావారిని దెప్పుతున్నాను. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు.

తాళాల గుత్తి ఇప్పుడు వంటింటి గోడకున్న మేకుకి వేళ్లాడుతోంది. ఎవరికి కావలిస్తే వాళ్లు తీసుకుంటారు. దానివల్ల పోయిన ఉద్యోగం తిరిగిరాదని నాకూ తెలుసు. ఆవిడ మళ్లీ దరఖాస్తులు పెడుతోంది. నాతో ఏదైనా చెప్పాలని వంటింటి గుమ్మంలో నిలబడితే, ముందు పొయ్యి ఆపుతున్నాను.

ఈసారి జనాభా లెక్కలకి ఎవరైనా వస్తే, నా వృత్తి నేనే చెప్పుకుంటాను. కోడలి పేరు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం మజ్జిగ తెచ్చే వంకన లోపలికెళ్లిపోతాను. మావారిని కూడా లోపలికి పిలుస్తాను.