పెట్టెలో దాచుకున్న యంత్రం

కుట్టు మిషను చెడిపోతే ఎక్కడి దర్జీకైనా ఇబ్బందే. ద్వీపంలో ఉండే దర్జీకి ఆ ఇబ్బంది రెట్టింపవుతుంది. బాంబూఫ్లాట్ దక్షిణ అండమానులోని ఒక చిన్న ఊరు. రేవుకు ఆవలి ఒడ్డున చాతం ఉన్నది. పడవ దిగి అక్కడినుంచి కొంతదూరం వెళ్తే పోర్ట్ బ్లెయిర్ బజారు వస్తుంది. 2024లో ఆ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. అక్కడా దొరకని వస్తువు కావాలంటే చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాలనుంచి వచ్చే ఓడకోసం ఎదురుచూడవలసిందే.

శ్రీకాకుళం ప్రాంతంనుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడిన ఒక కుటుంబంలో తల్లీ కూతుళ్ళిద్దరూ దర్జీ పనిమీదనే బ్రతికారు. తల్లిది నల్లని సింగర్ మిషను. కూతురిది ఉషా. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైన సింగర్ మిషన్లు ఒకప్పుడు మన దేశానికి విస్తారంగా వచ్చేవి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. అయినప్పటికీ ఆ మిషన్లు ఇంకా కుడుతూనే ఉన్నాయంటే అందుకు ఒక కారణమున్నది. సింగర్ వారి ‘15’ రకం నమూనాను అనేక దేశాల తయారీదారులు అనుసరించారు. మన ఉషా నల్ల మిషను కూడా ఆ కోవలోనిదే. అందుచేత గుండ్రని బాబిన్, బాబిన్ కేసు, షటిల్ వంటివి ఒకదానివి మరొకదానికి సాధారణంగా అమరుతాయి. పడవ ఆకారపు షటిల్ గల పాత మిషన్లకు ఆ అదృష్టం లేదు. వాటి భాగం పోతే అటువంటి మిషనునే మరొకదాన్ని వెతుక్కోవాలి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. బాంబూఫ్లాట్ పరిసరాలలోని పల్లపు నేలలు ఉప్పునీట మునిగాయి. తల్లి సింగర్ మిషను కూడా మునిగింది. నీరు తీయగానే ఆమె చేసిన మొదటి పని షటిల్‌ను, బాబిన్ కేసును, దారం బిగువును అదుపుచేసే బిళ్ళలను, స్ప్రింగును, చిన్న మరలను ఊడదీయడం. వాటిని మంచినీటితో కడిగి, ఆరబెట్టి, మిషను నూనె పూసి, గుడ్డలో చుట్టి ఒక రేకు డబ్బాలో పెట్టింది. కొబ్బరినూనె దగ్గరకు రానివ్వలేదు. అది కాలక్రమాన జిగురుగా గట్టిపడి భాగాలను కదలనివ్వదు. మిషను తలను బాగుచేయడం మాత్రం ఆమె వల్ల కాలేదు. లోపలి ఇరుసు తుప్పుతో బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసినా కదలలేదు. పాత ఇనుము కొనేవారు అడిగితే ఆమె ఇవ్వలేదు. ఎప్పటికైనా దానిని తిరిగి నడిపించాలని ఆమె ఆశ. ఆ ఆశకు గుర్తుగా డబ్బా అటకమీద ఉండిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఒక సంవత్సరం బడులు తెరిచే ముందు కూతురు వద్ద యూనిఫారాల బట్ట గుట్టగా పేరుకుని ఉన్న సమయంలో ఉషా కుట్లు దాటవేయసాగింది. సూది మార్చినా ఫలితం లేదు. విప్పి చూస్తే షటిల్ కొన విరిగి ఉన్నది. పైదారం సూది దగ్గర చేసే చిన్న ముడుపును ఆ కొనయే పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. కొన లేనిదే కుట్టు పడదు. ఆమె విరిగిన షటిల్‌ను రుమాలులో చుట్టుకుని పడవెక్కింది. బజారులో దొరికిన కొత్తది చూడడానికి అలాగే ఉన్నది. తీరా అమర్చితే ఒరుసుకుని దారాన్ని తెంపింది. మంచిది కావాలంటే ఓడలో రావాలన్నారు. బడి తెరవడానికి వారమే గడువు.

అటకమీది డబ్బా ఆమెకు గుర్తులేక కాదు. అందులోనిది తీస్తే తల్లి మిషను ఇక లేవదని ఒప్పుకున్నట్లవుతుంది. ఆ మాట నోట రాలేదు. రెండు రాత్రులు ఉషా మూగగా ఉండడం గమనించి ముసలామె తానే అడిగింది. సంగతి విని, “తుప్పు పట్టించడానికా నేను దాచేను? దించవే,” అన్నది.

గుడ్డ విప్పగా షటిల్ నూనె మెరుపుతో బయటపడింది. చూపు మందగించిన తల్లి దాని కొనను వేలితో తడిమి, “బాగుంది,” అని కూతురి చేతిలో పెట్టింది. ఉషా ఆ రాత్రే నడిచింది. యూనిఫారాలు గడువులోగా ఇళ్ళకు చేరాయి.

పాత యంత్రాలను నిలుపుకొనేవారు సాధారణంగా నేర్చుకునే పాఠాలు కొన్ని ఉన్నాయి. విరిగిన ముక్కను పారవేయరాదు. కొత్తదానికి అదే కొలబద్ద. మిషను అడుగుపలకపై ఉన్న అంకెలను రాసి ఉంచుకోవాలి. సముద్రపు గాలి తగిలే చోట సూదులను కూడా నూనెగుడ్డలోనే ఉంచాలి. బాంబూఫ్లాట్‌లోని ఆ ఇంట్లో మరొక నియమం ఏర్పడింది. డబ్బాలోనుంచి ఏది తీసినా దాని బదులు మరొకటి చేర్చాలి.

తర్వాతి ఓడలో మంచి షటిల్ వచ్చింది. కూతురు దానిని ఉషాకు అమర్చలేదు. నూనె పూసి, గుడ్డలో చుట్టి, తల్లి చేతనే డబ్బాలో పెట్టించింది.