విమానం డబ్బా

మా సదాశివనగర్ చుట్టుపక్కల ఏ వాడకట్టులో చూసినా గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. మాదీ అలాంటి ఇల్లే. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు మా ఆయన తొమ్మిదో తరగతి చదివే బాబుకు రిమోట్ విమానం తెచ్చారు. ఫోమ్‌తో చేసింది, రెక్కల పొడవు మీటరు. విడి లిథియం బ్యాటరీలను లగేజీలో వేయనివ్వరు కదా, వాటిని చేతిసంచిలో పెట్టుకొచ్చారు. ఉన్న నెల రోజులూ మక్క కోసిన చేన్లో ఇద్దరూ ఎగరేశారు. ఆయన వెళ్లాక విమానం అటకెక్కింది.

కారణం పెద్దదేం కాదు. చేను ఇంటికి రెండు కిలోమీటర్లు. ఒకరోజు స్క్రూడ్రైవర్ ఇంట్లో ఉండిపోయింది, ఒకరోజు రబ్బరు బ్యాండు తెగింది. తండ్రి ఉన్నప్పుడు జేబులోంచి ఏదో ఒకటి తీసేవారు. మూడోసారి తిరిగొచ్చాక "డాడీ వచ్చినంకనే ఎగరేస్త తియ్" అన్నాడు. ఆయన వచ్చేది రెండేళ్లకు. వాడు అన్నింటికీ ఇలాగే ఆగిపోతాడేమోనని నాకు భయమేసింది.

విమానాల సంగతి నాకు తెలియదు గానీ డబ్బా సర్దడం తెలుసు. నూనె కాగాక ఆవాలు వెతుక్కుంటే పోపు మాడుతుంది. ఇదీ అంతే. ఆదివారం వీడియో కాల్‌లో "మీ జేబుల్లో ఏమేం ఉండేవో చెప్పండి" అని అడిగి రాసుకున్నాను.

కుట్టు మిషన్ సామాన్లు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె ఖాళీ చేశాను. పై అరల్లో చిన్న స్క్రూడ్రైవర్లు, ఆలెన్ కీలు, ప్రొపెల్లర్ నట్టు తిప్పే స్పానరు, రెక్కను కట్టే రబ్బరు బ్యాండ్లు. కింద రెండు విడి ప్రొపెల్లర్లు (ముక్కు నేలకు తగిలితే ముందు విరిగేది అదే), సన్నమూతి ప్లయరు, కత్తెర, టేపు, ఫోమ్ జిగురు. చిటికెలో అంటుకునే మామూలు జిగురు థర్మోకోల్‌ను కరిగించేస్తుందట, అది పెట్టలేదు. వేలెడంత బ్యాటరీ చెకర్ ఒకటి. ఒక్కో సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. వాడకుండా దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. గాయాలకు బ్యాండేజీ కూడా.

బ్యాటరీలకు మాత్రం వేరే సంచి. ఇనుప సామాను తగిలి షార్టయితే మంట లేస్తుంది. ఉబ్బినదాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు. మంచిదైనా సరే, పొయ్యి మీద పాలు పెట్టినట్టు పక్కనే ఉండి చూసుకోవాలి.

మూత లోపల కాగితం అంటించాం: ముందు రిమోట్ ఆన్, ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ. దించాక ముందు బ్యాటరీ తీయాలి, తర్వాత రిమోట్ ఆపాలి. హైవేకూ కరెంటు తీగలకూ దూరంగా, కంటికి ఆనినంత మేరకే ఎగరేయాలి. మోడల్ విమానం కంటిచూపు దూరంలోనే ఎగరాలని 2021 డ్రోన్ నియమాల్లోనూ ఉందని మా ఆయన చెప్పారు.

మొదటిరోజు నేనూ వెంట వెళ్లాను. రెండోసారి దిగేటప్పుడు మక్క కొయ్యలకు తగిలి ప్రొపెల్లర్ విరిగింది. వాడు నా వైపు చూడలేదు, ఫోనూ తీయలేదు. పెట్టె తెరిచి, నట్టు విప్పి, కొత్తది బిగించి మళ్లీ ఎగరేశాడు.

రాత్రి ఆ సంగతి చెబితే "ఎవరు మార్చిన్రు?" అని అడిగారు ఆయన. "నేనే" అన్నాడు వీడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. ముఖంలో సంతోషం ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది. తాను లేకుండానే పని జరిగిపోయిందన్న బాధ కావచ్చు. దూరాన ఉన్నవాళ్లకు అది ఎంత గుచ్చుకుంటుందో మీలో చాలామందికి తెలుసు.

తర్వాతి ఆదివారం వాడే ఫోన్ తీసుకెళ్లి పెట్టె తెరిచి ఒక్కో అరా చూపించాడు. "ప్లయరు పెద్దగున్నది, చిన్నది పంపుతా" అన్నారు ఆయన. ఇప్పుడు ఫోన్ చేయగానే ముందు ప్రొపెల్లర్లు ఎన్ని మిగిలాయని అడుగుతున్నారు. ఇదివరకు మార్కులెన్నని అడిగేవారు, వీడు ఫోన్ నాకిచ్చి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోతోంది.