రాళ్ళ దారి మీద సైకిలు

మీలో ఎంతమందికి సైకిలు తొక్కడం వచ్చు? వచ్చినవాళ్ళలో పెళ్ళయ్యాక ఎంతమంది ఎక్కారు? నేనైతే ఏడో తరగతిలోనే దిగిపోయాను. దిగాను అనేకంటే దించేశారు అనాలి.

మాది క్రోసూరు. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నాం గానీ, అప్పట్లో గుంటూరు జిల్లానే. మా పొలం దారంతా కంకర. నాన్న పెద్ద సైకిలు బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఒకరోజు చక్రం రాయి మీద జారి పడితే మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. "ఆడపిల్లవి, కాలో చెయ్యో విరిగితే నిన్నెవరు చేసుకుంటారే!" అంటూ నాయనమ్మ సైకిలుకు తాళం వేయించింది. అదే దారిలో తమ్ముడు పడితే మాత్రం పసుపు అద్ది మళ్ళీ ఎక్కించారు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మొన్నొక రాత్రి చపాతీ పిండి కలుపుతుంటే, మావాడు ఫోనులో ఏదో సైకిలు పందెం చూస్తున్నాడు. అందరూ బురదలో మునిగిన బొమ్మల్లా ఉన్నారు. దారి చూస్తే రాళ్ళు! బెల్లం అచ్చులు పక్కపక్కన పేర్చినట్టు రాతి దిమ్మలు, మధ్యలో సందులు. పిండి చేత్తోనే నిలబడిపోయాను.

అది ఫ్రాన్సులో జరిగే పారిస్-రూబే పందెమట. రూబేలో బట్టల మిల్లులవాళ్ళిద్దరు, తాము కట్టించిన సైకిలు మైదానానికి పేరు రావాలని 1896లో మొదలుపెట్టారు. మొదటిసారి గెలిచింది జర్మనీకి చెందిన జోసెఫ్ ఫిషర్. మగవాళ్ళ పందెం ఇప్పుడు దాదాపు 260 కిలోమీటర్లు, అందులో 55 దాకా రాళ్ళ దారే. మొదటి ప్రపంచ యుద్ధంలో గుండ్లు పడి పాడైన ఆ ప్రాంతాన్ని 1919లో చూసినవాళ్ళు 'ఉత్తరాది నరకం' అన్నారు. ఆ పేరే పందేనికీ నిలిచిపోయింది. గెలిచినవాళ్ళకిచ్చే బహుమతేమిటో తెలుసా? ఆ దారిలో పరిచే రాయిలాంటిదే ఒక రాయి!

మరి ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ఈ పందెం పెట్టింది 2021లో. అంటే 125 ఏళ్ళు పట్టింది! ఆ అక్టోబరు 2న 116 కిలోమీటర్ల పందెంలో, ఇంకా 82 కిలోమీటర్లు ఉండగానే బ్రిటన్‌కు చెందిన లిజీ డైగ్నన్ అందరినీ వెనక్కి నెట్టి ఒంటరిగా దూసుకుపోయింది. చేతులకు తొడుగులు లేవు. అదురుకు అరచేతులు చిట్లి, హ్యాండిలుకు నెత్తురంటింది. అయినా ఆపలేదు, గెలిచింది. అప్పటికామె మూడేళ్ళ పాపకు తల్లి!

గెలిచిన మగవాడికి 30,000 యూరోలు, ఆమెకు 1,535. తక్కిన తేడా ఆమె జట్టువాళ్ళే కట్టారట. మన ఇళ్ళలో లెక్కలు అక్కడా ఉన్నాయన్నమాట అనుకున్నాను.

అంతలోనే నాకు నా లెక్క గుర్తొచ్చింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. జూన్ నుంచి "అమ్మా, ట్యూషనుకు అన్నయ్య సైకిలు మీద వెళ్తానే" అని వెంటపడుతోంది. "పడి కాలు విరగ్గొట్టుకుంటే నిన్నెవరు చేసుకుంటారే" అన్నాను. అవును, నేనే అన్నాను! నాయనమ్మ పోయి ఎన్నేళ్ళయినా ఆమె మాట నా నాలుక మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే సైకిలు తుడిచి తాళంచెవి దాని చేతిలో పెట్టాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు, చూసి ఊరుకున్నారు. వారం తిరక్కుండానే అది మోచెయ్యి గీరుకుని వచ్చింది. నా గుండె జారిపోయింది. అయినా పుండు కడిగి, మందు రాసి, "రేపు కాస్త నెమ్మదిగా వెళ్ళు" అన్నాను.

ఆ ఒక్క మాట నా చిన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. మీ ఇంట్లో కూడా ఎక్కడైనా తాళం వేసిన సైకిలు ఉందేమో, ఒకసారి చూసుకోండి.