తుపాకీకి పువ్వు పూసిన ఊరు

నలభై ఎనిమిదేళ్ల నియంతృత్వం ఒక్క రోజులో కూలిపోయింది. కూల్చింది ప్రతిపక్షం కాదు, పరాయి సైన్యమూ కాదు. గెలవలేని యుద్ధంలో విసిగిపోయిన సొంత కెప్టెన్లే! మరి ఆ తర్వాత ఏం జరిగింది? లిస్బన్ వీధుల్లో నడిస్తే ఆ కథ అడుగడుగునా ఎదురవుతుంది.

టీవీలో ఎక్కడి యుద్ధం వార్త వచ్చినా మా ఇంట్లో ఒకటే చర్చ. 'ఇంతమందిని పొట్టన పెట్టుకుంటున్నాడు. ఈ యుద్ధం ఓడిపోతే వీడి పని అయిపోయినట్టే' అంటారు నాన్న. 'అయిపోతే మాత్రం? తర్వాత వచ్చేవాడు వీణ్ని తలదన్నేవాడైతే?' అంటుంది అమ్మ. నాన్న దగ్గర జవాబుండదు. ఛానెల్ మారిపోతుంది.

ఏప్రిల్‌లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లినప్పుడు అమ్మ ప్రశ్న కూడా నాతోపాటే విమానమెక్కింది. ఎందుకంటే ఆ ప్రశ్నకు ఒకటి కాదు, మూడు జవాబులు చూసిన ఊరది.

గోవా పోయినా... గద్దె పోలేదు

లిస్బన్‌లో తెజో నది ఒడ్డున ఒక పెద్ద చౌరస్తా ఉంది. ఒకప్పుడు రాజుగారి కోట ఉన్న చోటు. మూడువైపులా పసుపురంగు భవనాలు, నాలుగోవైపు నీళ్లు. అక్కడ నిలబడి కుడివైపు చూస్తే దూరంగా ఎర్రటి వేలాడే వంతెన కనిపిస్తుంది. 1966లో దాన్ని ప్రారంభించినప్పుడు పెట్టిన పేరు సలజార్ వంతెన. ఇప్పుడు దాని పేరు 'ఏప్రిల్ 25'. ఒక మనిషి పేరు పోయి ఒక తేదీ పేరు వచ్చింది. ఈ ఊరి కథంతా ఆ మార్పులోనే ఉంది.

ఆంటోనియో సలజార్ ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్. 1926లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక, ఖజానాను చక్కదిద్దమని 1928లో ఆయన్ని పిలిచి ఆర్థికమంత్రిని చేశారు. 1932లో ప్రధాని అయ్యాడు. ఇక దిగలేదు. పార్టీల్లేవు, పత్రికలకు సెన్సారు, జనం మీద నిఘాకు 'పీడే' అనే రహస్య పోలీసు విభాగం.

మనకు ఆయన తెలిసింది గోవా వల్ల. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయి పద్నాలుగేళ్లయినా మన పెద్దలు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువాళ్లు గోవాను వదల్లేదు. 1961 డిసెంబరులో భారత సైన్యం కదిలింది. గెలవండి, లేదంటే చావండి... లొంగిపోవడం మాత్రం కుదరదన్నది అక్కడి తన సైన్యానికి సలజార్ ఆదేశం. గవర్నర్ జనరల్ వస్సాలో ఇ సిల్వా ఆ మాట వినలేదు. చేతిలో ఉన్న మూడువేల పైచిలుకు సైనికులతో భారత సైన్యం ముందు నిలవడమంటే వాళ్లను చంపించడమేనని గ్రహించి లొంగిపోయాడు. 451 ఏళ్ల పాలన రెండు రోజుల్లోపే ముగిసింది.

మరి సలజార్ పడిపోయాడా? లేదు. ప్రాణాలు కాపాడిన గవర్నర్‌ని సైన్యంలోంచి గెంటేసి, తాను ఇంకో ఏడేళ్లు దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. 1991లో కువైట్ యుద్ధంలో ఓడిన సద్దాం హుస్సేన్ కూడా అంతే, ఆ తర్వాత పన్నెండేళ్లు ఇరాక్‌ను ఏలాడు. యుద్ధం ఓడినంత మాత్రాన నియంత మర్నాడే పడిపోడు. ఇది లిస్బన్ చెప్పే మొదటి జవాబు.

మనిషి మారాడు... జైలు మారలేదు

అక్కణ్నుంచి రెండు వీధులు దాటి 28 నంబరు ట్రామ్ ఎక్కాను. గోడలకు రాసుకుంటుందేమో అన్నట్టు ఇరుకు సందుల్లో కిర్రుమంటూ ఎక్కుతుంది. పాత కేథడ్రల్ దగ్గర దిగితే పక్కనే 'అల్జూబే'. రాజకీయ ఖైదీల జైలు అది. 2015 ఏప్రిల్ 25 నుంచి మ్యూజియం.

లోపల ఏకాంత గదులున్నాయి. గదులనడం కంటే గూళ్లనాలేమో! మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. ఖైదీలను రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా, కూర్చోనివ్వకుండా విగ్రహంలా నిలబెట్టేవారట. ఇద్దరు బడిపిల్లలు ఒక గూట్లోకి దూరి నవ్వుతూ ఫొటో దిగబోయారు. టీచరమ్మ ఏదో చెప్పింది. నవ్వు ఆగిపోయింది.

1968లో సలజార్ కుర్చీలోంచి పడ్డాడు... నిజంగానే! తలకు దెబ్బ తగిలి మంచాన పడితే మార్సెలో కయెతానో అనే న్యాయశాస్త్రం ప్రొఫెసర్‌ని ప్రధానిని చేశారు. ఆ సంగతి ముసలాయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 1970లో చనిపోయేదాకా తానే పాలిస్తున్నానని అనుకున్నాడంటారు.

కొత్తాయన వచ్చాడు, రోజులు మారతాయని జనం ఆశపడ్డారు. పీడే పేరు మారింది, పద్ధతి మారలేదు. అల్జూబేని 1965లోనే మూసేసినా మిగతా జైళ్లు నడుస్తూనే ఉన్నాయి. యుద్ధం కూడా! రెండో జవాబు ఇదే: మనిషి పోయినా ఆయన కట్టిన వ్యవస్థ ఇంకో మొహంతో నడిచిపోగలదు.

యుద్ధాన్ని మోసినవాళ్లే...

ఆ యుద్ధం ఆఫ్రికాలో. 1961లో అంగోలా, 1963లో గినీ, 1964లో మొజాంబిక్... మూడు వలసలూ స్వాతంత్ర్యం కోసం ఆయుధం పట్టాయి. గోవా పోయాక ఇక అంగుళం వదలనన్నది సలజార్ పట్టు. కోటికి లోపు జనాభా ఉన్న దేశం పదమూడేళ్లపాటు దాదాపు 8 లక్షల మందిని యుద్ధానికి పంపింది. తప్పనిసరి సైనిక సేవ తప్పించుకోవడానికి వేల మంది కుర్రాళ్లు రాత్రికి రాత్రి సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు పారిపోయారు. 8 వేల మందికి పైగా సైనికులు తిరిగి రాలేదు. ఆఫ్రికన్ల ప్రాణనష్టం అంతకు ఎన్నో రెట్లు.

ఇందులో నలిగిపోయింది కెప్టెన్లు. జనరల్స్ రాజధానిలో ఉంటారు. అడవిలో కుర్రాళ్లను నడిపించేది, శవాలను లెక్కపెట్టేది కెప్టెన్. ఒక విడత ముగించుకుని ఇంటికొస్తే మళ్లీ పిలుపు. దీనికితోడు 1973లో ప్రభుత్వం, తాత్కాలికంగా చేరిన అధికారులకు చిన్న కోర్సుతో తమతో సమాన హోదా ఇస్తామనేసరికి వాళ్లకు మండింది. ఆ సెప్టెంబరులో ఒక పల్లె దగ్గర రహస్యంగా కలిశారు. మొదట మాట్లాడుకుంది ప్రమోషన్ల గురించే. తర్వాత యుద్ధం గురించి. చివరికి ప్రభుత్వం గురించి! 1974 ఫిబ్రవరిలో జనరల్ స్పినోలా ఈ యుద్ధాన్ని ఆయుధాలతో గెలవలేమని ఏకంగా పుస్తకమే రాసేశాడు. ఆయన ఉద్యోగం ఊడింది. కెప్టెన్లకు మాత్రం ధైర్యం వచ్చింది.

పువ్వు... ముళ్లు

కింది బజారు నుంచి పై వీధికి వెళ్లడానికి లిస్బన్‌లో వందేళ్లు దాటిన ఇనుప లిఫ్టు ఉంది. పైకి చేరి రెండడుగులు వేస్తే కార్మో చౌరస్తా. 1755 భూకంపంలో కప్పు కూలిన చర్చి, చెట్ల కింద కుర్చీలు, కాఫీ వాసన. ఇంత ప్రశాంతమైన చోటా అని ఆశ్చర్యపోయాను. నేలలో సల్గేరో మాయా పేరుతో ఒక గుండ్రటి రాయి ఉంది.

1974 ఏప్రిల్ 24 రాత్రి 10.55కి రేడియోలో ఒక ప్రేమపాట వచ్చింది. సిద్ధంకండని సంకేతం! అర్ధరాత్రి దాటాక 12.20కి ఇంకో పాట. కదలండని సంకేతం! 29 ఏళ్ల కెప్టెన్ మాయా తన కుర్రాళ్లను లేపి, ఇష్టమున్నవాళ్లు నాతో రండి, లేనివాళ్లు ఇక్కడే ఉండండని చెప్పాడు. అందరూ బయల్దేరారు. తెల్లారేసరికి నది ఒడ్డున ఆ పసుపు భవనాల మధ్య ఉన్నారు. వాళ్లను కాల్చమని ప్రభుత్వం పంపిన ట్యాంకులు వచ్చాయి. ఆజ్ఞ వచ్చింది. కాల్చలేదు! నదిలోని యుద్ధనౌకా కాల్చలేదు. పదమూడేళ్ల యుద్ధం ప్రభుత్వానికి మిగిల్చింది అదే... ఆజ్ఞ వేసే నోరు ఉంది, పాటించే చెయ్యి లేదు.

కయెతానో కార్మోలోని పోలీసు దళం బ్యారక్స్‌లో తలదాచుకున్నాడు. చౌరస్తా జనంతో నిండిపోయింది. సాయంత్రానికి స్పినోలాకు అధికారం అప్పగించి, సాయుధ వాహనంలో వెళ్లిపోయాడు. తర్వాత బ్రెజిల్‌లో తలదాచుకుని, 1980లో అక్కడే చనిపోయాడు.

ఆ ఉదయం సెలెస్తె కయేరో అనే రెస్టారెంట్ ఉద్యోగిని ఒళ్లో కార్నేషన్ పూలతో ఇంటికి వెళ్తోంది. రెస్టారెంట్ మొదటి వార్షికోత్సవానికి తెప్పించిన పూలు. గొడవలకు రెస్టారెంట్ మూసేసి, పట్టుకెళ్లమన్నారు. దారిలో ఒక సైనికుడు సిగరెట్ అడిగాడు. ఆమె దగ్గర లేదు. ఒక పువ్విచ్చింది. అతను దాన్ని తుపాకీ గొట్టంలో పెట్టుకున్నాడు. అంతే! ఊరంతా అదే చేసింది. 2024లో, విప్లవానికి యాభై ఏళ్లు నిండిన ఏడాది, 91 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

పువ్వు కథ అందరూ చెబుతారు. అక్కణ్నుంచి పది నిమిషాలు నడిస్తే చేరుకునే ఇంకో వీధి గురించి తక్కువమంది చెబుతారు. పీడే ప్రధాన కార్యాలయం అక్కడే. ఆ రాత్రి కిటికీల్లోంచి జనం మీద కాల్పులు జరిపి నలుగురిని చంపేశారు. ఇప్పుడా భవనంలో ఖరీదైన అపార్ట్‌మెంట్లు. గోడకు నాలుగు పేర్ల ఫలకం.

ముళ్లు ఇంకా ఉన్నాయి. అధ్యక్షుడైన స్పినోలా అయిదు నెలలైనా నిలవలేదు. 1975 మార్చిలో కుట్ర విఫలమై స్పెయిన్‌కు పారిపోయాడు. వెంటనే బ్యాంకులు జాతీయమయ్యాయి. దక్షిణాన కూలీలు జమీందారుల భూములను ఆక్రమించుకున్నారు. రెండేళ్లలో ఆరు తాత్కాలిక ప్రభుత్వాలు! కొత్త విదేశాంగమంత్రి మారియో సోరెస్ అమెరికా వెళ్తే, నీకు కెరెన్‌స్కీ గతే పడుతుందని కిసింజర్ తేల్చేశాడు.

ఎవరా కెరెన్‌స్కీ? 1917లో రష్యాలోనూ ఇదే జరిగింది. యుద్ధంలో చితికిపోయి జార్ చక్రవర్తి దిగిపోయాడు. తాత్కాలిక ప్రభుత్వం వచ్చింది. కొన్నాళ్లకు దానికి పెద్ద ఈ కెరెన్‌స్కీయే. అటు యుద్ధం ఆపలేదు, ఇటు ఎన్నికలను వాయిదా వేస్తూ పోయారు. తీరా అవి జరిగేసరికి అధికారం బోల్షివిక్కుల చేతిలో ఉంది. ఎన్నికైన సభ 1918 జనవరిలో ఒక్క రోజే కూర్చుంది, మర్నాడు తాళం!

లిస్బన్‌లో అలా ఎందుకు కాలేదు? కెప్టెన్లు మొదటి రోజే రాసిచ్చిన కాగితంలో ఒక మాట ఉంది: ఏడాదిలోపు రాజ్యాంగ సభకు ఎన్నికలు. ఇంత గందరగోళంలోనూ దానికి కట్టుబడ్డారు. 1975 ఏప్రిల్ 25న, సరిగ్గా ఏడాదికి, ఓటర్లలో 91 శాతానికి పైగా వరుసల్లో నిలబడ్డారు. ఆ తర్వాత అంతర్యుద్ధం అంచుదాకా వెళ్లినా, నవంబరులో సైన్యంలోని మితవాదులదే పైచేయి అయింది. 1976లో రాజ్యాంగం వచ్చింది. సైనికుల విప్లవ మండలి రద్దు కావడానికి 1982 దాకా పట్టింది. ఇది మూడో జవాబు.

ఒడ్డున పెట్టెలు

మర్నాడు 15 నంబరు ట్రామ్‌లో బెలేం వెళ్లాను. పూర్వం నావికులు సముద్రం మీదికి బయల్దేరిన చోటు. నది ఒడ్డున ఓడ ఆకారంలో వాళ్ల స్మారకం ఉంది. 1975లో దాని చుట్టూ చెక్కపెట్టెల గుట్టలు ఉండేవి. ఆఫ్రికా నుంచి కట్టుబట్టలతో, చేతికందిన సామానుతో వచ్చేసిన పోర్చుగీసువాళ్లవి. సుమారు అయిదు లక్షల మంది! హోటళ్లలో తలదాచుకున్నారు.

వెనక ఉండిపోయినవాళ్ల గతి ఇంకా ఘోరం. అంగోలాలో స్వాతంత్ర్యంతోపాటే అంతర్యుద్ధం మొదలై 2002 దాకా సాగింది. మొజాంబిక్‌లో 1992 దాకా. తూర్పు తైమూర్‌ను 1975 డిసెంబరులో ఇండోనేషియా ఆక్రమించింది. లిస్బన్‌లో పువ్వు పూస్తే, ఆ ముల్లు వేల కిలోమీటర్ల అవతల గుచ్చుకుంది. స్మారకం దగ్గర సెల్ఫీలు దిగుతున్నవాళ్లను చూస్తుంటే ఈ లెక్క ఎవరు రాస్తారా అనిపించింది.

మనకు మాత్రం మేలే జరిగింది. గోవా మీద భారత సార్వభౌమత్వాన్ని పోర్చుగల్ గుర్తిస్తూ 1974 డిసెంబరు 31న ఢిల్లీలో సంతకం పెట్టింది. కొత్త ప్రభుత్వం వస్సాలో ఇ సిల్వాకు హోదా తిరిగిచ్చింది. మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్లలో గుజరాతీలూ ఉన్నారు. లిస్బన్‌లో వాళ్లు కట్టుకున్న రాధాకృష్ణుల గుడి ఉంది.

సల్గేరో మాయా పదవులు వద్దని బ్యారక్స్‌కే వెళ్లిపోయాడు. ప్రత్యేక పింఛను అడిగితే రాలేదు. 1992లో క్యాన్సర్‌తో 47 ఏళ్లకే పోయాడు. మాజీ పీడే ఉద్యోగులు ఇద్దరికి మాత్రం అలాంటి పింఛను మంజూరైంది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, 'నా ప్రశ్నకు జవాబు దొరికిందా?' అని. 'తర్వాత వచ్చేవాడు మంచివాడో కాదో ముందే తెలీదమ్మా. ఎన్నికల తేదీ చెప్పాడా, ఆ తేదీకి నిలబడ్డాడా... అది చూడాలి' అన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. 'అప్పటిదాకా ప్రాణాలతో ఉన్నవాళ్లకు కదా ఆ తేదీ' అంది.

ఈసారి జవాబు లేనిది నా దగ్గర.